పట్నపు కాపురము – పరిమితాదాయము

మితవ్యయమును గూర్చి స్త్రీలకు బోధించు వ్యాసములు మన భాషలో కొల్లలుగా నున్నవి. చీరలు తగ్గింపుడు, నగలమీది మోజు విడువుడు, పొరుగింటివారితో పోటీ పడకుడు అని వాని యుపదేశము. కలవారి యిండ్లలో ఇది కొంత పనికివచ్చునేమో కాని, నెలకు ఇరువదియైదువేలకు లోబడిన రాబడితో హైదరాబాదు నగరమున నలుగురు గల సంసారమును నడుపు ఇల్లాలు ఇందు నేర్చుకొనవలసినది లేదు. ఆమె తగ్గింపవలసిన చీరలు ఎన్నడో తగ్గినవి. విడువవలసిన నగలు బ్యాంకి పెట్టెలో నున్నవి. పొదుపు అను విద్యలో ఆమె మనకు గురుస్థానమున నుండదగినది. కావున మేము ఈ వ్యాసమున పొదుపును బోధింప బూనలేదు. ఆ యింట రూపాయి యే త్రోవన వచ్చి యే త్రోవన పోవుచున్నది, గృహిణి జాగ్రత్త ఎక్కడ ఫలించును, ఎక్కడ ఫలింపదు, ఫలించినచోట దాని మూల్యమును ఎవరు చెల్లించుచున్నారు అను విషయములను విచారింపదలచితిమి.

ఉదాహరణమునకై నగరపు తూర్పుకొన నున్న చెంగిచెర్లను గైకొందము. ఉప్పలు దాటి వరంగల్లు బాటను పోవునప్పుడు ఎడమచేతివైపున, బోడుప్పలునకును చర్లపల్లికిని నడుమ నున్నది ఈ యూరు. నిన్నమొన్నటి వఱకు ఇది గ్రామపంచాయతి. 2016లో బోడుప్పలుతో చేర్చి పురపాలక సంఘము చేసిరి. నగరపాలక సంస్థవారి కబేళాయు, జాతీయ మాంస పరిశోధన సంస్థయు, ఆర్టీసీ బస్సుడిపోయు నిచ్చట గలవు. ఒకవంక నాచారము, మల్లాపురము, ఒకవంక చర్లపల్లి, మఱొకవంక ఉప్పలు. ఈ పారిశ్రామికవాడలలో మందులు, యంత్రపు భాగములు, ప్లాస్టిక్కు సామానులు చేయు కర్మాగారములలో పనిచేయువారు, ఆటోలు నడుపువారు, అంగళ్లలో కొలువుండువారు, నల్లగొండ, జనగామ, వరంగల్లు ప్రాంతములనుండి పిల్లల చదువునకై వచ్చినవారు ఇచ్చట కాపురముండుటకు కారణ మొక్కటియే. నగరమధ్యమున రెండు గదులకు అడుగు అద్దెను వారు ఇచ్చుకొనజాలరు.

అయితే దూరముగా నున్న యిల్లు చౌక యనుకొనుట సగము మాత్రమే నిజము. అద్దెలో మిగిలినది పెట్రోలులోను ఆటోకూలిలోను పోవుచుండును. 2017 నవంబరున నాగోలునుండి అమీరుపేటకు మెట్రోరైలు వచ్చినపుడు ఉప్పలు స్టేషను ఈ ప్రాంతమువారి కందుబాటైనది గాని, చెంగిచెర్లనుండి ఉప్పలు చేరుటయే యొక ప్రయాణము. 2018లో మొదలిడిన ఉప్పలు–నారపల్లి వంతెన రహదారి యేండ్లకొలది సాగుటచేత ఆ బాటను పోవువారు పడిన పాట్లు చెప్పనలవి కావు. 2023 డిసెంబరు 9వ తేది మొదలు తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ సిటీబస్సులలోను పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను టిక్కెట్టు లేని ప్రయాణము లభించినది. ఇది యొక్క రాజకీయపక్షపు వాగ్దానమని కొందఱు తేలికగా మాటలాడుదురు. నాచారపు కుట్టుపని కేంద్రమునకు నిత్యము పోయివచ్చు స్త్రీ యింట నెలకు వేయిరూపాయలవఱకు మిగులుచున్నవనగా, అది ఆమెకు జీతము పెరిగినట్లే. అంతకుముందు "పోయివచ్చు ఖర్చునకే చాలదు" అని మానుకొన్న చిన్న కొలువులు దీనివలన చేయదగినవైనవి. ఇందు రేషనుకార్డు అడుగరు, జీతపు చీటి అడుగరు. ఆ మాట యేల చెప్పుచున్నామో ముందు తెలియగలదు.

ఇప్పుడు ఒక సంసారపు లెక్కను వ్రాసి చూతము. ఇది యే యొక్కరి యింటిదియు కాదు; లెక్కకొఱకు మేము కల్పించినది; అంకెలు మాత్రము ఆ ప్రాంతపు గృహిణు లెఱుగనివి కావు. భర్త చర్లపల్లిలో నొక కర్మాగారమున పనిచేయును. భవిష్యనిధి మొదలగు కోతలు పోను చేతికి 18,500 రూపాయలు వచ్చును. భార్య యింటనే జాకెట్లు కుట్టి 5,500 తెచ్చును. వెరసి 24,000. ఇద్దఱు పిల్లలు. రెండుగదుల యింటికి అద్దె 7,000, నీటికిని మెట్లు ఊడ్చుటకును 300, విద్యుత్తునకు 600, వంటగ్యాసునకు సగటున 750. బియ్యమునకు 1,500, పప్పులు, నూనె, చింతపండు, కారము మున్నగువానికి 3,300, పాలకు 1,500, కూరగాయలు, గ్రుడ్లు, ఆదివారపు మాంసమునకు 2,400. ఇద్దఱు పిల్లల బడిజీతము, పుస్తకములు, దుస్తులు ఏడాదికి లెక్కించి పండ్రెండిట భాగింపగా నెలకు 2,800. పెట్రోలు 1,500, ఫోనులు 500, మందులు 400, సబ్బులు, నూనెలు 600, బట్టలు, పండుగలు, చుట్టములు 600. కూడి చూడుడు: 23,750. మిగిలినది 250 రూపాయలు. ఇందు సినిమా లేదు, హోటలు లేదు, చీటీపాట లేదు, పుట్టింటి ప్రయాణము లేదు, జ్వరము వచ్చిన నెల లేదు.

మన సోదరీమణులు కొందఱు "మా యింట నింతకంటె ఎక్కువ పోవుచున్నది, మాకు పొదుపు చేతగాదు కాబోలు" అని నొచ్చుకొందురు. అట్టి నొప్పి వలదు. కేంద్రప్రభుత్వపు గణాంకశాఖవారు 2023 ఆగస్టు మొదలు 2024 జూలై వఱకు దేశమంతట గృహవ్యయములను పరిశీలించిరి. భారతదేశపు పట్టణములలో మనిషి యొక్కింటికి నెలకు సగటు వ్యయము 6,996 రూపాయలని తేలినది. తెలంగాణపు పట్టణములలో అది 8,978. అనగా నలుగురున్న యింటికి 35,900 పై చిలుకు. మన లెక్కలోని సంసారము ఈ సగటులో మూడింట రెండువంతులతో బ్రదుకుచున్నది. ఆ పరిశీలనలోనే పట్టణవ్యయమున నూటికి సుమారు 40 వంతులు ఆహారమునకును, ఏడింటికి లోపుగా అద్దెకును పోవుచున్నట్లు కనబడును. స్వంతయిండ్లవారినిగూడ చేర్చి సగటు కట్టుటచేత అద్దెభాగ మింత చిన్నదైనది. అద్దెయింటివాని కిది నవ్వు పుట్టించును. మన లెక్కలో అద్దె నూటికి 29 వంతులు, ఆహారము 36 వంతులు.

జర్మనీదేశపు గణాంకవేత్త ఎర్నెస్టు ఎంగెలు అనునతడు 1857లో కార్మికుల యింటిలెక్కలను పరిశీలించి, రాబడి తగ్గినకొలది అందు ఆహారమునకు పోవు వంతు పెరుగునని కనిపెట్టెను. లోకమంతట ఈ సూత్రము నేటికిని చెల్లుచున్నది. అయితే మన సంసారమున ఆహారపు వంతు సగటుకంటె తక్కువగా నున్నదే! ఇంట నెవ్వరో తినవలసినది తినకుండుటచేతనే ఇట్లైనది. అద్దె తగ్గదు, బడిజీతము తగ్గదు, పెట్రోలు తగ్గదు. కూరగాయల సంచి యొక్కటే వంగును. కావున నెల చివర ఇల్లాలు దానినే వంచును.

ఈ విషయమునే మేము ప్రధానముగా చెప్పదలచితిమి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున తెలంగాణమునందు 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. ఈ వ్యాధి యొక్క బీదలదే కాదు. సంపన్నుల యిండ్లలోను గలదు. కాని పరిమితాదాయపు గృహమున దీనికి ప్రత్యేకమగు త్రోవ యొకటి యున్నది. పప్పు చిక్కగా నున్నప్పుడు భర్తకు పిల్లలకు వడ్డించి, అడుగున మిగిలినదానిలో చారుపోసికొని తినునది ఇల్లాలు. గ్రుడ్లు మూడే యున్నచో నాలుగవ పళ్లె మామెది. ఆదివారమున మాంసపు ముక్కలు పిల్లలకు, పులుసు తనకు. నెల యిరువదవ తేది దాటిన పిమ్మట ఉదయపు ఫలహారము మాని చాయతో గడుపుట యనేక యిండ్లలో ఆచారమైనది. దీనిని త్యాగమని మనము మెచ్చుకొనుచు వచ్చితిమి. తల్లులు కొమార్తెలకు నేర్పుచు వచ్చిరి. లెక్క పుస్తకమున నెచ్చటను వ్రాయబడని పొదుపు ఇదియే. కుటుంబపు లోటును ఆమె తన రక్తముతో పూడ్చుచున్నదని చెప్పుట అలంకారము కాదు.

తార్నాకయందున్న జాతీయ పోషకాహారసంస్థ చెంగిచెర్లకు గంటసేపు ప్రయాణపు దూరములోనే యున్నది. 1918లో కూనూరున చిన్నపరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన సంస్థ యది. వారు 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము వయసు వచ్చిన పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావలెను, స్త్రీకి 29. అనగా ఇంటనుండువారిలో ఇనుము ఎక్కువగా కావలసినది ఎవరికో, కడపట తినునది వారే. శాస్త్రమునకును మన వడ్డనకును ఇంతటి వైరము గలదు.

దీనికి ధనము ఎక్కువ యక్కఱలేదు, వడ్డన మారవలెను. అందఱు కలిసి కూర్చుండి తినుడు. అది కుదరనిచో వండినవెంటనే తనవంతు వేరుగిన్నెలో తీసి మూత పెట్టుకొనుడు. పిల్లలు "అమ్మ గిన్నె" అని దాని నెఱిగి, దానిజోలికి రాకుండ పెరుగవలెను. ఇక పదార్థములు: తోటకూర, పుంటికూర, మునగాకు చౌకగా దొరకునవి, మునగచెట్టున్న పెరడు చెంగిచెర్లవంటి యూళ్లలో నింకను గలదు, అడిగినచో కాదనువారు లేరు. ఆకుకూరపై నిమ్మరసము పిండికొన్నచో దానిలోని ఇనుము బాగుగ వంటబట్టును. తిన్నవెంటనే చాయ త్రాగినచో వంటబట్టదు. కనుక చాయను భోజనమునకు గంటయైనను ఎడముగ నుంచవలెను. మన తెలంగాణపు తైదంబలి, జొన్నరొట్టె, పల్లీల తొక్కు, నువ్వులుండలు నాగరకత పేరిట మనము విడిచిన మంచి వస్తువులు. నేడు వానినే డబ్బాలలో పోసి పెద్ద యంగళ్లలో మిక్కిలి ధరకు అమ్ముచుండుట వింత. గర్భవతులకును బాలింతలకును అంగన్‌వాడీలలో 2015 జనవరి మొదలు ఆరోగ్యలక్ష్మి పేరిట నిత్యము పూటభోజనము, గ్రుడ్డు, పాలు పెట్టుచున్నారు. "మనము అక్కడికి పోయి తినుటయా" అని మొగమాటపడువారు పట్టణములలో నున్నారు. మొగమాటపడవలసిన దేమియు లేదు. ఇనుపమాత్రలు ఆరోగ్యకేంద్రములలో ఉచితముగ నిత్తురు.

ఇప్పుడు రేషనుకార్డు సంగతి. తెలంగాణమున 2025 ఏప్రిలునుండి కార్డుగలవారికి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యము వెల లేక ఇచ్చుచున్నారు. 2024 ఫిబ్రవరి 27 మొదలు కార్డుగల గృహమునకు నెలకు 200 యూనిట్ల వఱకు విద్యుత్తు ఉచితము. గ్యాసుబుడ్డి 500 రూపాయలకు. బుడ్డికి మొదట పూర్తి వెల చెల్లింపవలెను. ఎక్కువైనది తరువాత ఖాతాలో పడును. ఆరోగ్యశ్రీ వైద్యమునకు గూడ ఈ కార్డే ఆధారము. మంచిదే. కాని పట్టణమున కార్డునకు ఆదాయపు మితి ఏడాదికి రెండులక్షలు. అనగా నెలకు 16,600 పైచిలుకు. మన లెక్కలోని సంసారపు రాబడి ఏడాదికి 2,88,000. వారికి కార్డు రాదు. సగటునకు ఎంతో క్రిందను, బీదరేఖకు కొంచెము పైనను ఇరుకుకొన్న యిట్టి కుటుంబములు ఈ నగరమున లెక్కకు మిక్కిలి. బియ్యము, విద్యుత్తు రెండింటికే నెలకు 2,100 రూపాయలు వీరు అధికముగా చెల్లింపవలసియున్నది. జీతము రెండువేలు పెరిగి కార్డు పోయినవాడు నష్టపోవుచున్నాడు! మితి యొక్కటే గీతగా గాక మెట్లుమెట్లుగా నుండవలెనని మా యభిప్రాయము. చాలకాలము క్రొత్త కార్డులు లేకుండి 2025 జూలైలో మరల ఇచ్చుట మొదలిడిరి గనుక, అర్హత గలవారు బిడ్డలపేరులు చేర్చుకొనుట మఱవకుందురు గాక.

విద్యుత్తు విషయమున ఒక చిక్కును గృహిణులు తెలిసికొనవలెను. 2022 నాటి ధరల పట్టిక ప్రకారము నెలకు 200 యూనిట్లు కాల్చినయింటికి మొదటి నూటికి యూనిటు 3 రూపాయల 40 పైసలు, రెండవ నూటికి 4 రూపాయల 80 పైసలు, వెరసి 820. అదే 201 యూనిట్లైనచో మొదటి యూనిటునుండియే 5 రూపాయల 10 పైసలు పడును; వెరసి 1,027 పైన. ఒక్క యూనిటునకు 207 రూపాయలన్నమాట! ఉచిత విద్యుత్తు గలవారికైనచో ఆ యొక్క యూనిటుతో బిల్లంతయు చెల్లింపవలసివచ్చును. కావున ఎండకాలమున కూలరు నడుచు నెలలలో వారమున కొకసారి మీటరు చూచి గోడపై క్యాలెండరున వ్రాసికొనుడు. బిల్లు తీయువాడు వచ్చు తేదిగూడ గమనింపదగినది; ముప్పది దినములకు రావలసినవాడు నాలుగు దినములు ఆలసించి వచ్చినచో మీ లెక్క తలక్రిందగును. ఒక్క మీటరునుండి రెండు వాటాలకు విద్యుత్తు ఇచ్చు యిండ్లలో అద్దెకు దిగుటకు ముందే వేరు మీటరు అడుగుడు. నీటిమాటయు అంతే. 2021లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల మంచినీరు ఉచితమన్నది మహానగరపాలక సంస్థ యెల్లలలోని యిండ్లకే గాని, ఆనాడు వెలుపల నున్న బోడుప్పలు, చెంగిచెర్లల కా యేర్పాటు అందలేదు. ఇల్లు ఏ యెల్లలో నున్నదో ఎఱిగి అద్దె మాటలాడుట లాభకరము.

బడిజీతమునకు వత్తము. మన లెక్కలో ఇద్దఱు పిల్లలకు ఏడాదికి 33,600 పోవుచున్నది. ఇది పేరుమోసిన బడి కాదు. సందులోని చిన్న ప్రైవేటు బడి. ఏల పంపుచున్నారని అడిగినచో "ఇంగ్లీషు" అందురు. ప్రభుత్వపు బడులలో 2022–23 నుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము పెట్టిరి. పుస్తకములు, మధ్యాహ్న భోజనము ఉచితము; ఉపాధ్యాయులు పరీక్షలు నెగ్గి వచ్చినవారు. సందుబడిలో చెప్పువారికి నెలకు వచ్చు జీతమెంతో విచారించినచో మీకే ఆశ్చర్యమగును. అయినను తల్లిదండ్రులు వెనుదీయుటకు కారణములు లేకపోలేదు. కొన్ని ప్రభుత్వపు బడులలో గదులు చాలవు, మరుగుదొడ్లు బాగుండవు, బాలికలకు ఇది పెద్ద యిబ్బంది. గ్రుడ్డిగా పంపుమని మేము చెప్పము. పంపకముందే యొకసారి పోయి చూచి రమ్మనుచున్నాము. పెక్కుమంది చూడకయే తీర్మానించుచున్నారు. అయిదవ తరగతిలో గురుకుల పాఠశాలలకు ప్రవేశపరీక్ష గలదు. అందు సీటు వచ్చినచో ఇంటరు వఱకు ఆ బిడ్డ భోజనము, వసతి, చదువు ప్రభుత్వముది. పిల్లను దూరముగా నుంచుటకు తల్లిప్రాణ మొప్పదు, నిజమే. కొడుకును ప్రైవేటు బడికిని కూతును ప్రభుత్వపు బడికిని పంపు యిండ్లుగూడ మే మెఱుగుదుము. పొదుపు పేరిట జరుగు ఈ పక్షపాతమును ఏ లెక్కయు సమర్థింపజాలదు.

మిగిలిన 250 రూపాయలతో జ్వరము వచ్చిన నెల యెట్లు గడచును? అప్పుతో. కనుక అప్పును గూర్చి కొంచెము వివరముగ చెప్పవలసియున్నది.

చీటీపాట మన తెలుగు స్త్రీల బ్యాంకు. పదిమంది కూడి నెలకింత వేసికొని యవసరమున్నవారు పాడుకొనుట యందమైన యేర్పాటే. కాని 1982 నాటి చిట్‌ఫండు చట్టము ప్రకారము ప్రభుత్వపు అనుమతి లేనిదే చీటీ నడుపరాదు. నమోదైన చీటీలో నడుపువారి కమీషను, 2019 సవరణ పిమ్మట, నూటికి 7 మించరాదు. కాలనీలో నమ్మకముమీద నడుచు చీటీకి ఈ రక్షణ లేదు. నడుపునామె రాత్రికి రాత్రి ఇంటికి తాళము వేసి పోయినచో చేతిలో నుండునది నోటుపుస్తకపు కాగితము మాత్రమే. ఆమె దుర్మార్గురాలే కానక్కఱలేదు. ముందే పాడుకొన్నవారు ఇద్దఱు కట్టకపోయినచో ఆమెయు మునుగును. కూతు పెండ్లికై దాచిన సొమ్మును మాత్రము అట్టి చీటీలో వేయకుడు.

మైక్రోఫైనాన్సు సంఘముల కథ మన తెలుగుదేశపు స్త్రీలకు తెలియనిది కాదు. ఒక్కొక యిల్లాలికి మూడు నాలుగు కంపెనీలు అప్పిచ్చి, వారమువారము గుంపుగా వచ్చి కూర్చుండి వసూలు చేయుట, అవమానము సహింపలేక కొందఱు ప్రాణములు తీసికొనుట జరిగిన పిమ్మట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ వసూళ్లను కట్టడి చేసెను. పదేండ్లు తిరుగకమున్నే ఆ భూతము ఫోనులో ప్రవేశించినది. 2020లో ఫోను అప్పుల యాప్‌లు హైదరాబాదున పెక్కు కొంపలు ముంచినవి, బాకీదారుని ఫోనులోని చుట్టపక్కాలకెల్ల దొంగయని సందేశములు పంపినవి, ప్రాణములును పోయినవి, ఆ డిసెంబరులో పోలీసులు అరెస్టులు చేసిరి. అయిదు నిమిషములలో అప్పు అని ఫోను పిలిచినచో, మన ఫోనులోని పేర్లన్నియు వాడు తాకట్టు పెట్టుకొనుచున్నాడని తెలిసికొనుడు.

రిజర్వుబ్యాంకువారు 2022లో చేసిన నియమముల ప్రకారము ఏడాదికి మూడులక్షలకు లోబడిన రాబడిగల యింటికి ఇచ్చు ఇట్టి అప్పులలో వాయిదాలు నెల రాబడిలో సగమునకు మించరాదు. రక్షణకై చేసిన నియమమే. కాని మన సంసారమునకు దీనిని పట్టించి చూడుడు: 24,000లో 12,000 వాయిదాలకు పోయినచో, 7,000 అద్దె కట్టి, తక్కిన 5,000తో నలుగురు నెలంతయు తినవలెను, చదువవలెను. చట్టము అనుమతించినంత అప్పు మనము మోయగలిగినంత అప్పు కాదు. మహిళాసంఘమున చేరి బ్యాంకుద్వారమున అప్పు తెచ్చికొనుట, తప్పనిసరియైనచో బంగారము బ్యాంకులో నుంచి నెలనెల వడ్డీ కట్టుట – ఇవి ఉన్నవానిలో మేలైనవి. వడ్డీ కట్టక యూరకున్నచో పుస్తెలత్రాడుగూడ వేలమునకు పోవును.

వ్యాధివలన వచ్చు అప్పును తప్పించుకొనుటకు కర్మాగారపు కొలువుగల యింటికి ఇ.ఎస్.ఐ. యొకటి గలదు. 21,000కు లోబడిన జీతగానికి వేతనమునుండి నూటికి ముప్పావు రూపాయి మాత్రమే పోవును. యజమాని 3 రూపాయల పావలా వేయును. కుటుంబమునకెల్ల వైద్యము. నాచారమున వారి ఆసుపత్రి గలదు. జీతగాడు మంచమెక్కినచో ఏడాదిలో 91 దినముల వఱకు జీతమున నూటికి 70 వంతులు ఇత్తురు. ఈ సంగతి యెఱుగక సెలవు నష్టపోయినవారు మెండు. "అక్కడ వరుసలో ఎవరు నిలుచుందురు" అని ప్రైవేటు ఆసుపత్రికి పోయి ముప్పదివేలు అప్పుచేయు యింట ఆ వరుస ఎంత విలువైనదో గృహిణియే చెప్పవలెను. మీ భర్త కార్డున మీపేరును పిల్లలపేరులును చేర్చబడినవా అని నేడే చూడుడు. ఏడాదికి 20 రూపాయలతో రెండులక్షల ప్రమాదబీమా బ్యాంకులో దొరకును. మోటారుసైకిలుపై వరంగల్లు బాటన పోవు మగవాడున్న యింట అది యుండితీరవలెను. ఆడపిల్లకు పదేండ్లు నిండకమున్నే పోస్టాఫీసున సుకన్య ఖాతా తెరువవచ్చును. ఏడాదికి 250 రూపాయలు వేసినను ఖాతా నిలుచును. కలిగిన యేడు ఎక్కువ వేయవచ్చును.

లెక్క వ్రాయుటను గూర్చి ఒక్కమాట. జపానుదేశమున మొదటి స్త్రీ పత్రికావిలేఖకులలో నొకతెయగు హనీ మోతోకో 1904లో గృహిణులకై జమాఖర్చుల పుస్తకమును అచ్చువేయించెను. నూఱేండ్లు దాటినను అక్కడి స్త్రీలు అట్టి పుస్తకములు వ్రాయుచున్నారు. ఆమె పద్ధతిలో ముఖ్యమైనది, ఖర్చైన పిమ్మట వ్రాయుటకంటె ముందు ఏ పద్దున కెంతయని నిర్ణయించుకొనుట. మన యింట దీనికొక చిక్కు. లెక్క భార్య వ్రాయును. జీతమెంతో భర్త చెప్పడు. స్నేహితునకిచ్చిన చేబదులు, సాయంకాలపు ఖర్చు అందు పడవు. లోటు కనబడినపుడు మాత్రము "నీకు సంసారము చేతగాదు" అను మాట వచ్చును. నెలకొకసారి ఇద్దఱును పుస్తకము ముందు కూర్చుండనిదే ఆ పుస్తకము వ్యర్థము. కుట్టుపనిలో వచ్చు 5,500ను వేరుపద్దుగా జమ వ్రాయుడు. ఇంటిఖర్చులో కలిసిపోయినచో అది రాబడియని ఎవ్వరికిని జ్ఞాపకముండదు. ఆమె పనికి కావలసిన దారమునకును సూదులకును అడుగవలసివచ్చును.

కడపటి మాట స్థలమును గూర్చినది. అద్దెబాధ పడలేక నగరపు అంచులలో అఱువది గజములో నూఱు గజములో కొనవలెనని ప్రతి సంసారమునకు కోరిక. అంచునున్న భూములలో చెఱువు శిఖములు, భూదానపు భూములు, వక్ఫు భూములు, ప్రభుత్వపు భూములు కలగాపులగముగ నున్నవి. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రావారు చెఱువుల హద్దులలోని కట్టడములను కూలద్రోయునపుడు అప్పుచేసి కొన్నవారి యిండ్లుగూడ కొన్ని పోయినవి, అమ్మినవాడు కానరాడు. పేరు చివర "చెర్ల" యని ధ్వనించు ఊరిలో చెఱువుమాట మఱవరాదు గదా! నోటరీ కాగితముమీద స్థలము కొనకుడు. సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ముప్పదియేండ్ల భారరహిత పత్రము తీయించుడు, లేఅవుటునకు హెచ్.ఎం.డి.ఎ. అనుమతి గలదా, సర్వే నంబరు నిషేధపు పట్టికలో నున్నదా యని చూడుడు. చెఱువు నిండినపుడు నీ రెంతవఱకు వచ్చునో ఆ యూరి ముసలివారి నడుగుడు. పుట్టింటివారిచ్చిన బంగార మమ్మి ఆ స్థలమున పెట్టుచున్నపుడు దస్తావేజులో తనపేరుగూడ వ్రాయుమని యడుగుటకు ఇల్లాలు సంకోచింపనక్కఱలేదు.